ఏడో మెషీన్ ఒప్పుకోలేదు

జయరాజ్ మరణం మీద రెండు రిపోర్టులు ఉన్నాయి. మొదటిది బుధవారం ఉదయం తొమ్మిదికి రాసింది: పాల్వంచ దాటాక ఇసుక లారీ బైకును గుద్దింది, యాక్సిడెంట్. రెండోది అదే రోజు మధ్యాహ్నం రాసింది: లారీ బైకును గుద్ది ముప్పై మీటర్లు ముందుకు వెళ్లింది, ఆగింది, రివర్స్‌లో వెనక్కి వచ్చింది, మళ్లీ ముందుకు వెళ్లింది. యాక్సిడెంట్లు రివర్స్ గేర్ వేయవు.

జయరాజ్ వయసు ముప్పై నాలుగు. భద్రాచలంలో వరద హెచ్చరిక కంట్రోల్ రూమ్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. గోదావరి పొడవునా ముప్పై ఎనిమిది చోట్ల నీటిమట్టం కొలిచే మెషీన్లున్నాయి. వాటికి ఎప్పటికప్పుడు సాఫ్ట్‌వేర్ పంపడం అతని పని. చనిపోవడానికి ముందు రోజు, మంగళవారం సాయంత్రం నాలుగింటికి, అతను ఒక మెయిల్ పంపాడు.

"జల్లెడ కొత్త వెర్షన్ టార్‌బాల్‌లో ఉన్న కోడ్ ఒకటి రిపోజిటరీలో లేదు. దయచేసి చూడండి."

రిపోజిటరీ అంటే అసలు కోడ్. అందరికీ కనిపించే చోట ఉంటుంది, ఎవరైనా చదవచ్చు. టార్‌బాల్ అంటే దానితో కట్టిన మూట. జనం వాడేది మూటనే. మూటలో ఉన్నదంతా అసలులోంచే రావాలి. రాకపోతే ఎవరో మధ్యలో చెయ్యి పెట్టినట్టు.

మెయిల్ రెండు చోట్లకు వెళ్లింది. ఒకటి ప్రభుత్వ సైబర్ ఫిర్యాదుల చిరునామా. అక్కడి నుంచి ఒక నంబరు వచ్చింది, ఇంకేమీ రాలేదు. రెండోది జల్లెడ అనే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లను మూట కట్టే రిలీజ్ మేనేజర్ స్తుతికి. ఆమె నలభై నిమిషాల్లో జవాబిచ్చింది. "థాంక్యూ జయరాజ్ గారూ. సరిచేసేదాకా ఎవరికీ చెప్పకండి." జయరాజ్ ఎవరికీ చెప్పలేదు. దొంగతనాన్ని దొంగకే ఫిర్యాదు చేశాడు. అది అతని తెలివితక్కువతనం కాదు. పద్ధతి ప్రకారం చేయాల్సింది అదే.

గురువారం ఉదయం పదింటికి, హైదరాబాద్‌లో బోర్డు లేని ఒక ఆఫీసులో డిప్యూటీ డైరెక్టర్ బాలకృష్ణ ఏజెంట్ జైరాంను పిలిచాడు.

"జల్లెడ అంటే తెలుసా?"

"తెలుసు సార్. సాఫ్ట్‌వేర్ బిల్డ్ చేసే ముందు నడిపేది."

జైరాంది జూలూరుపాడు దగ్గర ఒక తండా. ఈ ఉద్యోగంలో చేరక ముందు నాలుగేళ్లు యూనిక్స్ అడ్మిన్‌గా పనిచేశాడు. అతన్ని ఎంపిక చేయడానికి కారణం అదే. బాలకృష్ణకు మాత్రం ఆ సంగతి గుర్తు లేదు. అందువల్ల స్లైడ్లు వేసి చెప్పాడు. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి కాదు. సోలారిస్, ఏఐఎక్స్, బీఎస్‌డీలు, లైనక్స్, ఇంకా ఎన్నో. ఒకదానిలో ఉండే ఫంక్షన్ ఇంకోదానిలో ఉండదు. ఒకచోట ఉండే లైబ్రరీ ఇంకోచోట ఉండదు. ఒకే ప్రోగ్రాం అన్నిటి మీదా నడవాలంటే ముందుగా మెషీన్‌ను ప్రశ్నలు అడిగే పనిముట్టు కావాలి. జల్లెడ ఆ పనిముట్టు. రాసింది పెనుబల్లిలో ఉండే స్తెఫను. గనుల ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాడు. ఇరవై ఏళ్లుగా ఒక్కడే చూసుకుంటున్నాడు. గోదావరి మీది మెషీన్లలో ఏ సాఫ్ట్‌వేర్ కట్టాలన్నా జల్లెడ నడవాల్సిందే.

"జల్లెడ తయారుచేసే స్క్రిప్టు ఎంత పొడుగు ఉంటుందో తెలుసా?" అన్నాడు బాలకృష్ణ. "ముప్పై వేల లైన్లు. ప్రపంచంలో ఎవరూ చదవరు."

"గందుకే అందులో దాచిండ్రా సార్?"

"అందుకే."

దాచిన ముఠా పేరు ఫైళ్లలో లాంతర్. ఏ దేశమన్నది నల్ల ఇంకుతో కొట్టేశారు. వాళ్లకు గోదావరి మీద కోపం లేదు. వాళ్ల దగ్గర ఒక సరుకు ఉంది, కొనేవాడున్నాడు, కొనేవాడికి డెమో కావాలి. ఒక దేశపు హెచ్చరిక వ్యవస్థ చేత ఒక సాయంత్రం అబద్ధం చెప్పించడం ఆ డెమో. నది యాభై ఐదు అడుగుల మీద ఉంటే మెషీన్లు నలభై ఏడు అంటాయి. లోతట్టున పదకొండు కాలనీలు, తొమ్మిది వేల మంది. ఎవరూ కదలరు. లాంతర్ మెమో ఒకటి దొరికింది. భద్రాచలాన్ని ఎందుకు ఎంచుకున్నారో అందులో ఒక వాక్యం ఉంది: అక్కడ ఏం జరిగినా బయటి ప్రపంచంలో వార్త కాదు.

జైరాం ఆ వాక్యం రెండుసార్లు చదివి కాగితం బోర్లా పెట్టాడు.

"రేపు మధ్యాహ్నం పన్నెండుకు కంట్రోల్ రూమ్ చివరి అప్‌డేట్ తీసుకుంటుంది," అన్నాడు బాలకృష్ణ. "ఆ తర్వాత వరద తగ్గేదాకా మార్పులు బంద్. స్తెఫను డిజిటల్ సంతకం చేసిన వెర్షన్ ఆ లోపు సర్వర్‌లో ఉంటే అదే వెళ్తుంది. లేకపోతే పాతదే ఉంటుంది."

"మరి ఒక ఆర్డర్ ఇచ్చి రిలీజ్ ఆపొచ్చు కద సార్."

"ఆపితే పట్టుకునేది ఎవర్ని? స్తుతి మన మనిషే జైరాం. డబుల్ ఏజెంట్. ఏడాదిగా మనకు పనిచేస్తోంది. రేపు ఆమె మంచి టార్‌బాల్ పెడుతుంది, చెడ్డది పెట్టానని వాళ్లకు చెప్తుంది. వాళ్లు లోపలికి రాగానే మనం పట్టుకుంటాం."

"జయరాజ్ మెయిల్ పోయింది ఆమెకే."

"కాకతాళీయం."

"లారీ రివర్స్‌ల వచ్చింది సార్."

"ఢిల్లీలో ప్రెజెంటేషన్ ఇచ్చేశాం," అన్నాడు బాలకృష్ణ. "స్లైడ్ పద్నాలుగులో ఆమె ఫోటో ఉంది."

దానితో చర్చ ముగిసింది. కోడ్ వర్డ్స్ ఇచ్చారు. బ్యాటరీ యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్‌లో కెమెరా, మల్టీమీటర్‌లో రికార్డర్ పెట్టి ఇచ్చారు. స్తెఫను ఇంటికి బ్యాటరీ మెకానిక్ వేషంలో వెళ్లడానికి యాసిడ్ చిల్లులు పడ్డ ఖాకీ చొక్కా ఇచ్చారు. జైరాం పిస్టల్ అడిగాడు. పరిశీలనకే వెళ్తున్నావు కదా అన్నారు.

శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నరకు పెనుబల్లిలో వర్షం పడుతోంది. కరెంటు ఆరింటికే పోయింది. భద్రాచలం దగ్గర గోదావరి నలభై ఎనిమిది అడుగులు దాటింది, రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. స్తెఫను ఇల్లు పామాయిల్ నర్సరీ వెనక ఉంది. ఇంటిని ఆనుకుని రేకుల గది. అందులో ఏడు కంప్యూటర్లు, వాటి కింద ఎనిమిది ఇన్వర్టర్ బ్యాటరీలు.

"బ్యాటరీలు చూస్తానికి వచ్చిన అమ్మా," అన్నాడు జైరాం.

తలుపు తీసింది ఇన్నమ్మ, స్తెఫను భార్య. అతన్ని చెప్పుల నుంచి చొక్కా దాకా చూసింది.

"మేం పిలవలే. ఆయన పిలిచిండేమో. ఏమయ్యా, బ్యాటరీ మెకానిక్కును పిలిచినవా? ఇంట్ల మిక్సీ తిరగక మూడు దినాలాయె, అది మాత్రం పట్టది."

స్తెఫను లోపలి నుంచి వచ్చాడు. ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ జరిగి రెండు వారాలైంది, నల్లద్దాలు పెట్టుకున్నాడు. పేరు అడగలేదు, కంపెనీ అడగలేదు. మూలనున్న బ్యాటరీ వైపు వేలు చూపాడు.

"మూడో సెల్ చూడు బాబూ."

జైరాం మూత తీశాడు, హైడ్రోమీటర్ ముంచాడు. "పోయింది సార్. పదకొండు వందల నలభై చూపెడ్తుంది. దీన్ని తీసేయకుంటే పక్కదాన్ని గూడ గుంజుతది."

"అవ్. నాకు ఎరికే. నీకు ఎరికనా లేదా అని చూసిన. కూర్చో."

జైరాం కూర్చున్నాడు. తర్వాత తను మెకానిక్‌ను కానని చెప్పి, జయరాజ్ మెయిల్ కాపీ ఇచ్చాడు. జయరాజ్ చనిపోయిన సంగతి స్తెఫనుకు అప్పటికి తెలియదు; అదీ, వరద హెచ్చరిక మీద వేసిన పథకమూ ఇన్నమ్మ కూడా వింటుండగా చెప్పాడు. కాగితాన్ని మంచి కంటికి దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"ఈ పిల్లోడు నా కోడ్‌కు ఆరు సవరణ ప్యాచులు పంపిండు," అన్నాడు. "ఒక్కటి గూడ తిప్పి పంపలే నేను."

టార్‌బాల్ తయారుచేసే పని ఇరవై ఏళ్లూ తనే చేశాడు. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి స్తుతికి ఇచ్చాడు. రెండేళ్లుగా ఆమె ఆన్‌లైన్‌లో పనిచేసి పెడుతోంది. కోడ్ బాగా రాస్తుంది. బైబిల్ వాక్యంతో మెయిల్ ముగిస్తుంది. ఆ పేరును, ఆ వాక్యాలను పెనుబల్లి కోసమే ఎంపిక చేశారని స్తెఫనుకు తట్టలేదు.

"ముప్పై వేల లైన్లు సార్. ఎట్ల ఎతుకుదాం?" అన్నాడు జైరాం.

"ముప్పై వేలు ఎందుకు? ఒక్కటే ఎతుకుదాం. మెషీన్ను పేరడిగే కమాండ్."

"పేరా?"

"చూడు బాబూ. చేతకానోడు ఏం చేస్తడంటే, మెషీన్ను నీ పేరేందని అడుగుతడు. సోలారిస్ అంటది. ఓహో సోలారిస్ అయితే ఫలానా ఫంక్షన్ ఉంటదని అనుకుంటడు. రేపు కొత్త సోలారిస్ వస్తది, అండ్ల ఉండది. కొంప మునుగుతది. నేను పేరడగ. చిన్న ప్రోగ్రాం రాసి ఇస్త. కంపైల్ చేయ్ అంట. చేసిందా, ఉంది. చేయలేదా, లేదు. పేరుతోటి నాకేం పని?"

వెతికారు. ఇరవై ఒక్క వేల నాలుగు వందల ఆరో లైన్లో ఉంది. మెషీన్ పేరు అడుగుతుంది, లైనక్స్ అయితే ఇంకో ఫైల్లోంచి ఏదో తీసి కలుపుతుంది. గోదావరి మీద ఉన్న మెషీన్లన్నీ లైనక్సే.

"ఇది నాది కాదు," అన్నాడు స్తెఫను. తన పళ్లెంలో ఎవరో ఉమ్మేసినట్టు ఉంది అతని ముఖం.

"సంతకం పెట్టకండి. కానీ ఆమె మా మనిషని మా సార్ అంటున్నడు. మంచిది మార్చి పెడ్తదట."

"మీ మనిషని ఆయనకు ఎట్ల తెలుసు?"

"కోడ్ నేమ్ ఉంది. కోడ్ వర్డ్ ఉంది."

"అంటే పేరడిగిండు," అన్నాడు స్తెఫను. "పని చేయించి చూసిండా?"

జైరాం బాలకృష్ణకు ఫోన్ చేశాడు. మీటింగ్‌లో ఉన్నారన్నారు. ఆ లోపు స్తెఫను అసలు కోడ్‌తో మంచి మూట కట్టి, పెన్ డ్రైవ్‌లో పెట్టి అతనికి ఇచ్చాడు.

పదిన్నరకు స్తుతి వచ్చింది. తెల్ల కారు, తనే నడుపుకుంటూ వచ్చింది. పెనుబల్లి సెంటర్‌లో దారి అడగడానికి అద్దం దించితే టీ కొట్టు దగ్గర ఆరుగురు ఒకేసారి దారి చెప్పారు, ఆరూ వేరే దారులు. ఆమె కట్టుకున్న చీర బురదకు పనికొచ్చేది కాదు, ఒక్క చుక్క కూడా పడలేదు. ఇన్నమ్మకు కేకు డబ్బా ఇచ్చింది.

"ప్రెయిజ్ ద లార్డ్ ఆంటీ. అంకుల్, కన్ను ఎలా ఉంది? మీరు శ్రమ పడొద్దు. సంతకం ఒక్కటి పెట్టండి చాలు."

స్తెఫను కాఫీ తాగి వస్తానని ఇంట్లోకి వెళ్లాడు. జైరాం బ్యాటరీ దగ్గర నుంచి తల ఎత్తకుండా కోడ్ వర్డ్ అన్నాడు.

"మేడమ్, డిస్టిల్డ్ వాటర్ ఎప్పుడు పోసిండ్రు?"

"పోయినసారి పోలవరం బస్సు వచ్చినప్పుడు," అంది స్తుతి. అక్షరం తప్పు పోలేదు. తర్వాత గొంతు తగ్గించింది. "బాలకృష్ణ గారు నిన్ను పంపారా? ఎందుకు పంపారు? నేను చూసుకుంటున్నాను కదా."

"ఈ పెన్ డ్రైవ్‌లో మంచి టార్‌బాల్ ఉంది. సర్వర్‌లో ఉన్నదాని బదులు ఇది పెట్టండి. సంతకం దీని మీద పడాలె."

"ఓకే."

ఆమె ల్యాప్‌టాప్ తీసింది. ఏడు నిమిషాలు పట్టింది. "డన్," అంది. పెన్ డ్రైవ్ తిరిగి ఇచ్చింది. నవ్వింది. ఆ నవ్వును రెండు దేశాల డిప్యూటీ డైరెక్టర్లు నమ్మారు.

ఇంట్లో స్తెఫను తన ఫోన్‌లో సర్వర్ మీది ఫైల్ దించి చెక్‌సమ్ తీశాడు. ఫైల్లో ఒక్క అక్షరం మారినా ఆ అంకె మారుతుంది. అంకె మారలేదు. అక్కడున్నది ఇంకా ఆ దొంగ కోడ్ మూటే. పెన్ డ్రైవ్‌లో ఉన్నదాన్ని ఆమె తాకలేదు.

స్తెఫను రేకుల గది గుమ్మంలో నిలబడ్డాడు. ఈ పనిలో అనుభవం ఉన్నవాడైతే ఏమీ ఎరగనట్టు ఉండేవాడు. స్తెఫనుకు ఆ అనుభవం లేదు.

"నువ్వు మార్చలేదమ్మా," అన్నాడు.

స్తుతి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. అరచేతిలో పట్టేంత ఉంది. స్తెఫను వెనక కాఫీ గ్లాసులతో నిలబడ్డ ఇన్నమ్మ వైపు తిప్పింది.

"ఆంటీ, లోపలికి రండి. ఆ స్టూల్ మీద కూర్చోండి. మెకానిక్, నువ్వు ఆ మూల బ్యాటరీ మీద. చేతులు తల మీద. అంకుల్, సంతకం."

సమయం పదకొండూ పదిహేను.

"ఏందే నీ లొల్లి?" అంది ఇన్నమ్మ. "కేకు తెచ్చి గన్ను పెడ్తవా? మా చెల్లె ఫ్లోరెన్సు ఉండేది భద్రాచలం కరకట్ట కిందనే. పిల్లలతోటి ఉన్నది."

"సారీ ఆంటీ."

"నీ సారీ ఎవలికి గావాలె?"

"సంతకం నా చేతిల లేదు," అన్నాడు స్తెఫను. "తాళంచెవి ఏడు ముక్కలు చేసి ఏడు మెషీన్లల్ల పెట్టిన. మూట ఏ మెషీన్ మీద సరిగ్గ నడుస్తదో ఆ మెషీనే దాని ముక్క ఇస్తది. ఏడు ముక్కలు కలిస్తే సంతకం దానికదే పడ్తది, ఆ సంతకంతోటి మూట దానికదే సర్వర్‌కు పోతది. రీడ్‌మీల రాసిన."

రీడ్‌మీ, అంటే మూటతో వచ్చే సూచనల ఫైల్, ఆమె చదవలేదు. ఎవరూ చదవరు.

"నడపండి," అంది.

స్తెఫను నడిపాడు. ఒకటో మెషీన్ రెండు నిమిషాల్లో ఓకే అంది. రెండు, మూడు ఓకే. నాలుగు, ఐదు, ఆరు కూడా ఓకే. ఆ స్క్రిప్టు వాటిని పేరు అడిగింది, లైనక్స్ కానివాటిని ఏమీ చేయకుండా వదిలేసింది. అంతవరకు తెలివిగానే రాసింది.

ఏడో మెషీన్ గనుల ఆఫీసు స్క్రాప్‌లో పడేసినది. దాని షెల్, అంటే కమాండ్లు చదివే ప్రోగ్రాం, తొంభై మూడు నాటిది. పేరు అడగడం తప్పన్నది అటుంచి, పేరు అడిగే ఆ లైన్‌ను స్తుతి కొత్త షెల్లులకే తెలిసిన పద్ధతిలో రాసింది. ఏడో మెషీన్‌కు అది అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని అర్థమైనట్టు నటించే అలవాటు దానికి లేదు. ఎర్రర్ చూపి ఆగింది.

పదకొండూ ఇరవై తొమ్మిది.

"ఏమైంది?" అంది స్తుతి.

"నడవలే," అన్నాడు స్తెఫను.

"ఎందుకు నడవదు? నా దగ్గర నడుస్తుంది."

"నీ దగ్గర నడుస్తది. దీని దగ్గర నడవదు."

"మీ మెషీన్‌లోనే ఏదో తప్పుంది అంకుల్. ఇంత పాతది ఎవరు వాడతారు?"

"నేను వాడ్త. ఇరవై ఏండ్లల్ల నా స్క్రిప్టు దీని మీద ఆగలే. నీది మొదటి లైన్‌కే ఆగింది." స్తెఫను నల్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రెండేండ్లు నీకు నేర్పిన. పోర్టబుల్ అంటే అన్నిట్ల నడిచేదని నీకు ఎక్కలే."

పిస్టల్ ఎదురుగా ఉండగా ఒక మనిషి అనాల్సిన మాట కాదది. స్తుతి ముఖం ఎర్రబడింది. ఈ రెండేళ్లలో ఆమెను అబద్ధాలకోరు అన్నా ఆమె పట్టించుకునేది కాదు. హంతకురాలు అన్నా పట్టించుకునేది కాదు. కోడ్ రాదన్నారు.

"జరగండి," అంది.

ఇంకో స్టూల్ లాక్కుని ఏడో మెషీన్ ముందు కూర్చుంది. ఒక చేత్తో టైప్ చేయబోయింది. ఆ కీబోర్డు మీటలు గట్టివి, ఒక చేతికి లొంగలేదు. పిస్టల్‌ను కీబోర్డు కుడి పక్కన పెట్టింది. రెండు చేతులతో లైన్ మార్చింది. మళ్లీ నడిపింది.

నాలుగు నిమిషాలకు ఇంకో లైన్ దగ్గర ఆగింది.

స్తుతి ముందుకు వంగింది. జైరాం లేచి ఒక అడుగు జరిగాడు. అతనికీ పిస్టల్‌కూ మధ్య ఇంకా మూడు అడుగులున్నాయి. గదిలో ఎనిమిది బ్యాటరీలున్నాయి, కాలు తగిలితే చప్పుడవుతుంది. ఎర్రర్ వచ్చినప్పుడు ఆమెకు చెవులు పనిచేయడం లేదని అతను గమనించాడు. ఎర్రర్‌కు ఒక అడుగు.

పదకొండూ నలభై రెండు. మూడో ఎర్రర్. రెండో అడుగు.

"ఇదేంటి? ఈ ఆప్షన్ కూడా లేదా?" అంది స్తుతి. తనలో తను అనుకుంటోంది.

"తొంభై మూడుల ఏడుంటది?" అన్నాడు స్తెఫను.

పదకొండూ నలభై తొమ్మిది. నాలుగో ఎర్రర్. మూడో అడుగు. ఇన్నమ్మ జైరాంను చూసింది, భర్తను చూసింది.

"ఇక్కడ ఏం వాడాలి అంకుల్?" అంది స్తుతి.

స్తెఫను ఆమె భుజం మీదుగా తెర చూశాడు. ఇరవై ఏళ్లుగా అతన్ని ఎవరు ఏ ప్రశ్న అడిగినా జవాబిచ్చాడు. అడిగిందెవరో చూసే అలవాటు అతనికి లేదు.

"కేస్ కమాండ్ పెట్టు," అన్నాడు. "అది అన్నిట్ల నడుస్తది."

స్తుతి పెట్టింది. నడిపింది. ఈసారి తెర మీద ఆగకుండా లైన్లు కదిలాయి. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. జైరాం నాలుగో అడుగు వేసి, పిస్టల్ తీసుకుని, ఆమె తల వెనక పెట్టాడు.

"వన్ మినిట్," అంది స్తుతి, తిరగకుండానే.

సమయం పదకొండూ యాభై తొమ్మిది. ఏడో మెషీన్ ఓకే అంది. ఏడు ముక్కలు ఒకదాని వెంట ఒకటి కలవడం మొదలైంది. తాళంచెవి తయారవుతోంది. దానితర్వాత సంతకం. దానితర్వాత సర్వర్. దానితర్వాత గోదావరి.

"ఆపండి సార్!" అన్నాడు జైరాం.

స్తెఫను తెరనే చూస్తున్నాడు.

"పాసైంది," అన్నాడు.

"పాసైందా? మా చెల్లె ఇల్లు నీళ్లల్ల ముంచి పాసైందా?" అని ఇన్నమ్మ స్టూల్ దిగింది. గోడ దగ్గరకు వెళ్లి ఇన్వర్టర్ పెద్ద స్విచ్ కిందికి కొట్టింది.

ఏడు తెరలూ ఆరిపోయాయి. ఫ్యాన్లు ఒక్కొక్కటిగా ఆగాయి. రేకుల మీద వర్షం వినిపించింది.

"అట్ల ఆపొద్దే, డిస్కులు కరాబైతయి!" అన్నాడు స్తెఫను.

"కానీ. నువ్వు గూడ దాని పక్కనే కూర్చుని తెలివి చెప్పినవు. సిగ్గుండాలె ఇద్దరికి."

కంట్రోల్ రూమ్ పన్నెండుకు సర్వర్‌ను అడిగింది. సంతకం ఉన్న కొత్త వెర్షన్ లేదు. పాతదాన్నే ఉంచుకుని తలుపులు మూసుకుంది. లాంతర్ రెండేళ్లు ఖర్చు పెట్టింది, ఒక మనిషిని చంపింది, ఒక నవ్వును రెండు రాజధానుల్లో అమ్మింది. తన సరుకును ఒక పాత మెషీన్ మీద ముందుగా నడిపి చూడడానికి అరగంట పెట్టలేదు.

పన్నెండుంబావుకు బాలకృష్ణ మీటింగ్ అయిపోయింది. జైరాం చెప్పిందంతా విన్నాడు.

"నాకు మొదటి నుంచీ ఆమె మీద అనుమానమే," అన్నాడు.

"స్లైడ్ పద్నాలుగు సార్?"

"తీసేస్తున్నాం."

సాయంత్రం నాలుగూ నలభైకి భద్రాచలం దగ్గర నీటిమట్టం యాభై మూడు అడుగులు చేరింది. ముప్పై ఎనిమిది మెషీన్లూ ఉన్నది ఉన్నట్టు చెప్పాయి. మూడో ప్రమాద హెచ్చరిక మోగింది. ఆర్టీసీ బస్సులు పదకొండు కాలనీల్లోంచి జనాన్ని ఎక్కించుకుని మెట్ట మీది స్కూళ్లకు చేర్చాయి. ఆరింటికి కరకట్ట కింది ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. ఇళ్లలో ఎవరూ లేరు. ఫ్లోరెన్స్ అక్కకు ఫోన్ చేసి, స్కూల్లో బెంచీలు చాలలేదని, ఉప్మాలో ఉప్పు లేదని పావుగంట తిట్టింది. ఇన్నమ్మ ఒక్క మాటకూ అడ్డు రాకుండా విన్నది.

లారీ కొత్తగూడెం దగ్గర ఒక షెడ్డులో దొరికింది. డ్రైవర్ కూడా అందులోనే దొరికాడు. స్తెఫను ఒకటో మెషీన్ ఆన్ చేసి, జల్లెడ మార్పుల జాబితాలో ఒక లైన్ చేర్చాడు: టార్‌బాల్‌లో దొంగ కోడ్. కనిపెట్టింది జయరాజ్, భద్రాచలం.

స్తుతిని జీపులో హైదరాబాద్ తీసుకెళ్లారు. వైరా దాటేదాకా ఆమె లాయర్‌ను అడగలేదు, నీళ్లు అడగలేదు. తర్వాత సంకెళ్లున్న చేతులతో ముందు సీటును తట్టింది.

"చివరి రన్ పాసైంది కదా," అంది. "ఆ లాగ్ రికార్డు ఎక్కడైనా సేవ్ అయిందా?"

"అయింది మేడమ్," అన్నాడు జైరాం. "చార్జిషీటుతోటి కలిపి ఇస్తరు."